గాలి అయిపోయినవాడికి ఏ గొట్టం ఇస్తారు? స్కూబా హోస్‌ల ఎంపిక, అమరిక

గంజాం తీరంలోని మన మత్స్యకార కుర్రాళ్లకి నీళ్లంటే బెదురు లేదు. గోపాల్‌పూర్‌లో, పూరీలో లైఫ్‌గార్డులుగా కనిపించే నోళియాల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. వాళ్లలోనూ, బరంపురం, ఛత్రపురం వైపు చదువుకున్న పిల్లల్లోనూ స్కూబా, అంటే సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం, ఇష్టపడేవాళ్లు ఉన్నారు. కోర్సుకని విశాఖ వెళ్తే అక్కడ సామాను అద్దెకి దొరుకుతుంది. ఎవరో బిగించి ఇస్తారు, వీళ్లు తగిలించుకుని దిగుతారు. చిక్కంతా సొంత రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం, కొనుక్కునే రోజున మొదలవుతుంది. గొట్టం 71 సెంటీమీటర్లా, మీటరా, మీటరున్నరా, రెండు మీటర్ల పైనా? రబ్బరుదా, అల్లికదా? పసుపుదా, నల్లదా? ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు.

అలా కాదనేవాళ్లు కూడా తప్పు చెప్పడం లేదు. ఒకరి సలహా ఫ్లోరిడా గుహల నుంచి వచ్చింది, మరొకరిది యూరప్‌లోని చల్లటి సరస్సుల నుంచి. మనం దిగే నీళ్లు వెచ్చనివి, వానాకాలంలో రుషికుల్య నది తెచ్చే మట్టితో కలకబారేవి, ఎక్కడ పడితే అక్కడ నైలాన్ వల ముక్కలు తగిలేవి. అందుకే బ్రాండు, రంగు, పొడవు అన్నీ కాసేపు పక్కన పెట్టమంటాను. నీటి అడుగున తోటి మనిషికి గాలి అయిపోతే అతని చేతికి ఏ గొట్టం వెళ్తుంది, మీ నోట్లోకి ఏది వస్తుంది? ముందు ఇది తేల్చుకోవాలి. ఇది తేలాక పొడవు, దారి, కట్టే చోటు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ముందు సెట్ ఎలా పనిచేస్తుందో క్లుప్తంగా చూద్దాం. సిలిండర్‌లో గాలి నిండుగా ఉన్నప్పుడు 200 బార్ ఒత్తిడి ఉంటుంది. వాల్వుకి బిగించే ఫస్ట్ స్టేజ్ దాన్ని తగ్గించి, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కన్నా ఓ 9, 10 బార్లు మాత్రమే ఎక్కువ ఉండేలా చేస్తుంది. లో ప్రెషర్ గొట్టాల్లో ఉండేది ఈ గాలి. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ దాన్ని ఇంకా తగ్గించి, మనం పీల్చినప్పుడే వదులుతుంది. మామూలు సెట్‌కి నాలుగు గొట్టాలుంటాయి. కుడివైపు నుంచి రెండు సెకండ్ స్టేజ్‌లకి రెండు వెళ్తాయి. ఎడమవైపు నుంచి ఒకటి, నీళ్లలో తేలడాన్నీ మునగడాన్నీ అదుపు చేసే బీసీడీ జాకెట్‌లో గాలి నింపే ఇన్‌ఫ్లేటర్‌కి, ఇంకొకటి సిలిండర్ ఒత్తిడి చూపించే గేజ్‌కి వెళ్తాయి.

ఈ నాలుగింటిలో గేజ్ గొట్టం ఒక్కటే హై ప్రెషర్‌ది. 200 బార్లు ఉన్నది అందులోనే కాబట్టి అది పగిలితే పని అయిపోయినట్టేనని చాలామంది భయపడతారు. నిజానికి వ్యవహారం తలకిందులు. గేజ్‌కి గాలి ప్రవహించాల్సిన పని లేదు, ఒత్తిడి తెలిస్తే చాలు. అందుకని ఆ గొట్టం మొదట్లోనే సూదిమొనంత రంధ్రం పెడతారు. గొట్టం తెగినా గాలి ఆ సన్నటి దారిలోంచే రావాలి. చప్పుడు దడ పుట్టిస్తుంది గానీ, నీటి ఉపరితలంలో నిండు సిలిండర్ ఖాళీ కావడానికి నిమిషాలకి నిమిషాలు పడుతుంది. లో ప్రెషర్ గొట్టం అలా కాదు. మనిషి ఊపిరికి చాలినంత గాలి పారాలి కాబట్టి లోపలి దారి వెడల్పుగా ఉంటుంది. అది తెగితే సిలిండర్ ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. లోతుకి వెళ్లేకొద్దీ ఇంకా తొందరగా అయిపోతుంది. జాగ్రత్త ఎక్కువ కావాల్సింది ఈ గొట్టాలకే.

ఒకదాన్ని ఇంకొకదాని చోట బిగించేస్తామేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. ఇప్పటి రెగ్యులేటర్లలో హై ప్రెషర్ రంధ్రం మర 7/16 అంగుళం, లో ప్రెషర్‌ది 3/8 అంగుళం. ఒకటి మరొకదాంట్లో పట్టదు.

ఇప్పుడు అసలు విషయం. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి తయారుచేసిన ఆక్వాలంగ్‌కి నోటికి రెండు వైపులా రెండు ముడతల గొట్టాలుండేవి. ఒకదాంట్లో గాలి వచ్చేది, రెండోదాంట్లో వదిలిన ఊపిరి తిరిగి వీపు మీది రెగ్యులేటర్ దగ్గరికి పోయేది. 1952లో ఆస్ట్రేలియాలో టెడ్ ఎల్‌డ్రెడ్ తెచ్చిన పోర్‌పాయిస్‌తో ఒంటి గొట్టం పద్ధతి వచ్చింది. మనం ఇప్పుడు వాడేది దాని సంతతే. ఈ రెండింటిలోనూ పీల్చడానికి ఉండేది ఒక్కటే నోటి ముక్క. పక్కవాడికి గాలి అయిపోతే అదొక్కటే చేతులు మార్చుకుంటూ ఇద్దరూ వంతులవారీగా పీల్చేవారు. కంగారులో ఉన్న మనిషి రెండు గుక్కలు పీల్చి దాన్ని తిరిగి ఇవ్వాలన్నమాట! ఆ పద్ధతిలో ఇద్దరి ప్రాణాలూ చిక్కులో పడే అవకాశం ఉండబట్టే రెండో సెకండ్ స్టేజ్ తగిలించడం మొదలైంది. దాన్నే ఆక్టోపస్ అంటున్నాం.

ఆక్టోపస్ అమరిక అందరికీ తెలిసిందే. నోట్లో ఉండే ప్రైమరీకి 70 సెంటీమీటర్ల గొట్టం, ఆక్టోపస్‌కి 90 నుంచి 100 సెంటీమీటర్ల పసుపు గొట్టం. ఆక్టోపస్‌ని గడ్డానికీ కింది పక్కటెముకలకీ మధ్య ఉండే ముక్కోణంలో ఎక్కడో ఒకచోట హోల్డర్‌కి తగిలిస్తారు. గాలి అయిపోయినవాడికి అది ఇస్తారు, మీది మీ నోట్లోనే ఉంటుంది. మొదటి కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది ఇదే. అంటే మీతో దిగే కొత్త మనిషికి కూడా ఇది తెలిసి ఉంటుంది. దీనికున్న పెద్ద బలం అది.

బలహీనత కూడా చెప్పుకోవాలి. ఆక్టోపస్ నుంచి డైవ్ మొత్తంలో ఎవరూ పీల్చరు. అది పనిచేస్తోందో లేదో తెలిసేది అవసరం పడినప్పుడే. హోల్డర్ వదులైతే జారిపోయి వెనక వేలాడుతూ ఇసుకలో ఈడ్చుకుంటూ వస్తుంది. మన తీరంలోని సన్నటి ఇసుక నాలుగు రేణువులు లోపల చేరితే చాలు, గాలి ఆగకుండా కారడం మొదలవుతుంది, లేదా పీల్చినప్పుడు నీళ్లు వస్తాయి. కొందరు ఊడిపోతోందని జాకెట్ జేబులోకి గట్టిగా కుక్కేస్తారు. అప్పుడు అవసరానికి బయటికి రాదు. అన్నిటికీ మించి, గాలి అందని మనిషికి పసుపు రంగు కనబడదు. ఎదుటివాడి నోట్లో బుడగలు వదులుతూ కళ్లముందు కనిపించేది పనిచేస్తోందని అతనికి తెలుసు. చెయ్యి అటే వెళ్తుంది. మీ నోట్లోది ఊడిపోయాక మీ ఆక్టోపస్ ఎక్కడుందో మీరు వెతుక్కోవాలి.

రెండో పద్ధతి ఇక్కడి నుంచే పుట్టింది. ఎలాగూ నోట్లోదే లాక్కుంటాడు కాబట్టి నోట్లోదే ఇచ్చేద్దాం, మనకి రెండోది గడ్డం కిందే ఉంచుకుందాం అన్నది ఆలోచన. ఫ్లోరిడా నీటి గుహల్లో ఈదిన షెక్ ఎక్స్‌లీ తరం డైవర్లు దీన్ని స్థిరపరిచారు. గుహల్లో ఇరుకు దారులుంటాయి, ఇద్దరు పక్కపక్కన ఈదలేరు, ఒకరి వెనక ఒకరు రావాలి. అందుకే 7 అడుగుల గొట్టం, అంటే 2.1 మీటర్లు. అనవసరమైనది ఒంటి మీద ఏదీ ఉండకూడదని పట్టుబట్టిన బిల్ మెయిన్ పేరులోని హోగార్త్ నుంచి ఈ శైలికి హోగార్తియన్ అనే పేరు వచ్చింది. 1998లో మొదలైన జీయూఈ (గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్) అనే డైవింగ్ శిక్షణ సంస్థ దీన్ని గుహల బయట కూడా నేర్పింది.

దీని దారి ఇలా ఉంటుంది. ఫస్ట్ స్టేజ్ నుంచి కుడివైపు కిందికి దిగి, కుడి చంక కింద నుంచి ముందుకు వచ్చి, ఛాతీ మీదుగా ఎడమ భుజం వైపు పోయి, మెడ వెనక నుంచి చుట్టుకుని కుడివైపు నుంచి నోట్లోకి వస్తుంది. 2.1 మీటర్లదైతే మిగిలిన పొడవుని కుడి నడుము దగ్గర టార్చ్ బ్యాటరీ డబ్బా కిందో, బెల్టులోనో దోపుకుంటారు. రెండో సెకండ్ స్టేజ్ 55, 60 సెంటీమీటర్ల పొట్టి గొట్టంతో కుడి భుజం మీదుగా వచ్చి, మెడలో వేసుకున్న సాగే తాడుకి గడ్డం కింద వేలాడుతుంది. నోట్లోది ఇచ్చేసి తల కాస్త దించితే చేతుల సాయం లేకుండా కూడా దాన్ని అందుకోవచ్చు.

నా అభిప్రాయం నేరుగా చెప్తాను. ఒంటి సిలిండర్‌తో గోపాల్‌పూర్ దగ్గరో, విశాఖ రుషికొండ దగ్గరో దిగేవాడికి 2.1 మీటర్ల గొట్టం అక్కర్లేదు. దోపుకోవడానికి తగిన చోటు ఉండదు, మిగులు పొడవు పక్కకి ఉబ్బి నిలుస్తుంది. పొడుగ్గా ఉండేవాళ్లకి మీటరున్నర గొట్టం చంక కింద నుంచి మెడ చుట్టూ చక్కగా సరిపోతుంది. మన ఊళ్లలో ఎక్కువమందికి, ముఖ్యంగా అయిదున్నర అడుగుల లోపు ఉండేవాళ్లకి, ఒక మీటరు గొట్టం మేలు. అది కుడి చంక కింద నుంచి నేరుగా నోటికి వస్తుంది, మెడ చుట్టూ తిప్పక్కర్లేదు. సెకండ్ స్టేజ్ దగ్గర వంపు అడాప్టర్ ఒకటి పెడితే దవడ మీద లాగుడు ఉండదు. ఆ అడాప్టర్‌తో అదనంగా ఓ-రింగులు, అంటే గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు, వస్తాయి, వాటిని కూడా సర్వీసులో చూపించాలి. నిజంగా అవసరం ఉన్న ఆ ఒక్కచోట తప్ప ఇంకెక్కడా తిరిగే జాయింట్లు వద్దు.

ఒక్క షరతు. మీ జంట మనిషి ఆక్టోపస్ పద్ధతి మాత్రమే నేర్చుకుని ఉంటే, ఒడ్డున ఉండగానే "నీకు గాలి అయిపోతే నేను నా నోట్లోది ఇస్తాను, నువ్వు నా ఒంటి మీద పసుపుది వెతక్కు" అని చెప్పి, ఒకసారి చేసి చూపించి దిగండి. అంత ఓపిక లేకపోతే ఇద్దరూ ఆక్టోపస్‌తోనే వెళ్లండి. ఎవరి దారి వాళ్లది అయినప్పుడు వచ్చే ప్రమాదం, ఏ పద్ధతిలోనైనా సొంతంగా ఉండే లోపం కన్నా పెద్దది. వరదల్లో, ప్రమాదాల్లో వెతుకులాటకి కలిసి దిగే బృందాలైతే అందరి గొట్టాలూ ఒకేలా ఉండాలి. ఇందులో రాజీ లేదు.

గొట్టం పొడవు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, పైకి వచ్చేంతసేపు ఇద్దరూ ఆ ఒక్క గొట్టంతోనే కలిసి ఉండాలి. ఓ చిన్న లెక్క వేద్దాం. 20 మీటర్ల లోతులో ఒత్తిడి 3 బార్లు. కంగారులో ఉన్న మనిషి నిమిషానికి 40 లీటర్లు పీలుస్తాడనుకుంటే, ఆ లోతులో అది 120 లీటర్ల గాలి. ఇద్దరికీ 240. మామూలు అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది, అందులో 50 బార్లు మిగిలితే 550 లీటర్లు. అంటే ఆ లోతులోనే ఉండిపోతే ఇద్దరికీ కలిపి రెండు నిమిషాల పైచిలుకు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికే రెండు నిమిషాలు దాటుతుంది. పైకి వచ్చేకొద్దీ ఖర్చు తగ్గుతుంది నిజమే గానీ, వాళ్లు అక్కడ గొట్టం విడదీసుకుంటూ ఒక నిమిషం పోగొట్టుకుంటే ఈ లెక్క తప్పుతుంది. 70 సెంటీమీటర్ల గొట్టంతో గాలి పంచుకుంటే ఇద్దరి ముఖాలూ ఒకదానికొకటి తగులుతుంటాయి. ఒకరి తల కదిలితే మరొకరి నోట్లోది ఊడుతుంది. మీటరు గొట్టంతో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎదురెదురుగా పైకి రావచ్చు. మీటరున్నరతో పక్కపక్కన ఈదుకుంటూ లంగరు తాడు దాకా కూడా పోవచ్చు. 50 బార్లు ఒడ్డుకి చేరాక మిగలాల్సిన గాలి తప్ప, అడుగున ఉండగా చూడాల్సిన అంకె కాదని కూడా ఈ లెక్కే చెప్తుంది.

ఇక వలలు. తెగిపోయిన నైలాన్ వల ముక్కలు అడుగున రాళ్లకి పట్టుకుని ఊగుతుంటాయి. మల్కన్‌గిరి వైపు జలాశయాల్లో దిగేవాళ్లకి వలలతో పాటు మునిగిన చెట్ల మోళ్లు కూడా అడ్డం వస్తాయి. ఒంటికి ఆనకుండా విల్లులా వంగి నిలబడ్డ ప్రతి గొట్టమూ వాటికి కొక్కెమే. అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి చూసుకోండి, లేదా ఎవరినైనా ఫొటో తీయమనండి. గొట్టానికీ ఒంటికీ మధ్య అరచెయ్యి దూరితే ఆ గొట్టం పొడవు ఎక్కువైనట్టు. గేజ్‌ని వేలాడనివ్వకుండా 60 సెంటీమీటర్ల గొట్టంతో ఎడమ నడుము దగ్గరి డి-రింగుకి క్లిప్పుతో తగిలించాలి. ఆ క్లిప్పుని గేజ్‌కి నైలాన్ దారంతో కట్టండి. ఎప్పుడైనా ఇరుక్కుంటే కత్తితో కోసేయవచ్చు, ఇనుముకి ఇనుము కడితే కోయలేరు. మెడలో తాడు కూడా అంతే, బలంగా లాగితే సెకండ్ స్టేజ్ దాంట్లోంచి ఊడి రావాలి.

ఇవన్నీ అమర్చాక, ఇవ్వాల్సిన గొట్టం అన్నిటికీ పైన ఉందో లేదో చూసుకోవాలి. ఇన్‌ఫ్లేటర్, మెడ తాడు, టార్చ్ తాడు, కెమెరా తాడు, ఏదీ దాని మీదుగా పోకూడదు. నీళ్లలోకి దూకేముందు చెయ్యి చాచి ఒకసారి పూర్తిగా ఇచ్చి చూడండి. సగంలో పట్టేస్తే బోటు మీదే తెలుస్తుంది.

కంపెనీలు బిగించి పంపే పొడవులు ఎవరో సగటు మనిషి ఒడ్డూ పొడవూ చూసి పెట్టినవి. మన అమ్మాయిలు చాలామందికి 71 సెంటీమీటర్ల ప్రైమరీ గొట్టం చెవి పక్కన పెద్ద ఉంగరంలా నిలుస్తుంది, కదిలినప్పుడల్లా నీరు దాన్ని తోస్తుంది. రోజంతా డైవ్ చేసి వచ్చాక దవడ నొప్పి అంటే ముందు గొట్టాన్ని అనుమానించండి. కొనేముందు సిలిండర్‌తో సహా సామానంతా వేసుకుని, ఫస్ట్ స్టేజ్ నుంచి గొట్టం పోయే దారిలోనే ఒక మెత్తటి తాడు పెట్టి కొలవండి. తల పూర్తిగా ఎడమకి, కుడికి, పైకి తిప్పి చూడాలి. ఎటు తిప్పినా లాగకూడదు, అంతకన్నా ఎక్కువ వదులూ ఉండకూడదు.

రబ్బరా, అల్లికా అన్న ప్రశ్నకి మన వాతావరణమే జవాబు చెప్పాలి. పాత రకం రబ్బరు గొట్టం బరువు, కాస్త బిరుసు, కానీ పాడయ్యేటప్పుడు పైకి కనిపిస్తూ పాడవుతుంది. వంచి చూస్తే పగుళ్లు కనబడతాయి, ఉబ్బు తగులుతుంది. పైన నైలాన్ అల్లిక ఉన్న గొట్టాలు మెత్తగా, తేలిగ్గా ఉంటాయి, ప్రయాణంలో చుట్టి పెట్టుకోవచ్చు. వాటి చిక్కు లోపల ఉంది. కొన్ని అల్లిక గొట్టాల లోపలి పొర పాలియెస్టర్ రకం పాలియురెథేన్‌తో చేసినది. వేడి, తేమ తగులుతూ ఉంటే ఈ పొర లోలోపలే విడిపోయి పసుపు రంగు స్ఫటికాలుగా మారుతుంది. అవి గాలితో కొట్టుకొచ్చి సెకండ్ స్టేజ్‌లో అడ్డుపడతాయి, లేదా గొట్టాన్నే మూసేస్తాయి. పైన అల్లిక మాత్రం కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. ఇలాంటి గొట్టాలు డైవ్‌లో ఉన్నట్టుండి మూసుకుపోయిన సంఘటనలు నమోదయ్యాయి. డైవర్ల భద్రత కోసం పనిచేసే డాన్ సంస్థ దీనిపై హెచ్చరించింది కూడా. వేడీ తేమా రెండూ నిండుగా ఉండే బరంపురం లాంటి ఊళ్లో ఏళ్ల తరబడి ఇలాంటి గొట్టం వాడటం నాకు నచ్చదు. అల్లికదే కావాలంటే లోపలి పొర పాలియీథర్ రకమేనా అని దుకాణంలో గట్టిగా అడగండి. వాళ్లు చెప్పలేకపోతే రబ్బరుదే తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో అల్లిక గొట్టం మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు.

రబ్బరుకీ ఆయుష్షు ఉంది. ఎండ, ఓజోన్, పెట్రోలు, డీజిలు దాన్ని తినేస్తాయి. మర పడవలో ఇంజన్ పక్కన సామాను పడేస్తే ఇవన్నీ ఒకేసారి దొరుకుతాయి. వంటింట్లో గ్యాస్ పైపు మీద తేదీ చూసి అయిదేళ్లకి మార్చేసినట్టే దీన్నీ మార్చేయాలి. తయారీ తేదీ గొట్టం మీదే ముద్రించి ఉంటుంది, కొనేటప్పుడే చదవండి. దుకాణంలో మూడేళ్లు మూలన పడి ఉన్నది మీకు కొత్తది కాదు.

పగుళ్లు ఎక్కువగా వచ్చేది లోహపు కొస గొట్టాన్ని పట్టుకునే చోట. అక్కడే గొట్టం వంగకుండా రబ్బరు తొడుగు వేస్తారు, ఆ తొడుగే లోపలి పగులునీ తుప్పునీ దాచేస్తుంది. నెలకోసారైనా తొడుగుని వెనక్కి జరిపి, కడిగి, గొట్టాన్ని మెల్లగా వంచి చూడాలి. డైవ్ అయ్యాక మంచినీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, పెద్ద చుట్టగా చుట్టి పెట్టండి. ఫస్ట్ స్టేజ్‌ని మేకుకి తగిలిస్తే దాని మొదట్లోనే గొట్టాలన్నీ గట్టిగా కిందికి వంగి వేలాడతాయి, అక్కడే తెగుతాయి. మే నెలలో కారు డిక్కీలో వదిలేయడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

గొట్టం మార్చడం చేతిపనే, కానీ మొదటిసారి తెలిసినవాళ్ల ముందు చేయండి. సిలిండర్ మూసి, సెకండ్ స్టేజ్ మీది పర్జ్ బటన్ నొక్కి గాలంతా వదిలేశాకే స్పానర్ ముట్టుకోవాలి. ఓ-రింగుకి చిల్లు, నొక్కు లేదని చూసి, సిలికాన్ గ్రీజు తడి అంటినట్టు మాత్రమే రాయండి. ముందు చేత్తో చివరిదాకా తిప్పి, తర్వాత స్పానర్‌తో కాస్త పట్టిస్తే చాలు. గాలి ఆపేది ఓ-రింగు, మన బలం కాదు. ఎక్కువ బిగిస్తే ఇత్తడి మర పోతుంది, అప్పుడు ఫస్ట్ స్టేజ్‌కే ముప్పు. సెకండ్ స్టేజ్ వైపు బిగించేటప్పుడు రెండో స్పానర్‌తో దాని మెడని పట్టుకుని ఉంచాలి, లేకపోతే లోపలి అమరిక తిరిగిపోతుంది.

తర్వాత గేజ్ అద్దం మీ ముఖానికి ఎదురుగా లేకుండా తిప్పి పెట్టి, సిలిండర్‌ని మెల్లగా తెరవండి. సెట్ మొత్తాన్ని నీళ్ల టబ్‌లో ముంచి ప్రతి జాయింటు దగ్గరా బుడగల కోసం చూడండి. గేజ్ మెడ దగ్గర సన్నగా ఒకటీ అరా వస్తుంటే అక్కడి స్పూల్ (ఓ-రింగులున్న చిన్న లోహపు ముక్క) మార్చాలి, బిగిస్తే తగ్గదు. ఇదంతా సరిగ్గా ఉన్నాక ఛాతీ లోతు నీళ్లలో జంటతో కలిసి, ముందు కళ్లు తెరిచి, తర్వాత మాస్క్ తీసేసి, గాలి పంచుకోవడం చేసి చూడాలి. అక్కడ గొట్టం ఎక్కడైనా పట్టేస్తే ఇంకాస్త పొడవుది కొనాలనిపిస్తుంది. ముందు అది పోయే దారి మార్చి చూడండి, చాలాసార్లు పట్టేది పొడవు చాలక కాదు, దాని మీదుగా ఇంకేదో పోవడం వల్ల.